ముదిరిన తెల్లపొడి

రెంజల్‌లో నూలుకు రంగులు వేసే రుక్మాబాయి ఇంటి వెనక చిన్న కాలువ ఉంది. అది పక్కనున్న రాజమల్లు చెరకు మడిలోకి పోతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే ఉంటుంది కనుక ఆమె పారబోసే నీలినీళ్లు అందులోనే ఇంకిపోయేవి. కిందటేడు నిజాంసాగర్ నీళ్లు వదిలినప్పుడు మాత్రం ఆ రంగంతా కొట్టుకొచ్చి మడి మొదట్లో చెరకు పసుపెక్కింది. ఈసారి సాగర్ నీళ్లు వచ్చేలోగా రంగు ఆగకపోతే కాలువకు అడ్డంగా కట్ట పోస్తానని రాజమల్లు తేల్చి చెప్పాడు. కట్ట పడితే నీళ్లు రుక్మాబాయి వాకిట్లోకే ఎదురుతంతాయి. ఇక ఆమె పని మూసుకోవడమే.

నడుమ పడి, ఆ రంగు పోగొడతానని మాట ఇచ్చింది గంగమణి. ఆ ఊరి పిల్లే, బోధన్‌లో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తూ టైటానియం ఆక్సైడు మీద పరిశోధన చేస్తోంది. చూస్తే సున్నంలా ఉండే ఆ తెల్లపొడిని రంగునీళ్లలో కలిపి ఎండలో పెడితే పొద్దుగూకేసరికి నీళ్లు తేటపడతాయి. గాజు గిన్నెలో చేసి రుక్మాబాయికి చూపించింది కూడా.

"గిన్నెడు సరే బిడ్డా, నాది ఇంత పెద్ద గోలెం" అంది రుక్మాబాయి.

గోలేనికి సరిపడా పొడి కావాలంటే కాలేజీలో ఆమె తయారుచేసిన, ఇంకా కాలని పచ్చిపిండిని కాల్చాలి. అక్కడి కొలిమి చెడిపోయి మూలన పడింది. తండ్రి ఆశన్న బెల్లం వండే బట్టీ ఉండగా దిగులెందుకని గంగమణి అనుకుంది. పిండిని మట్టి మూకుళ్లకెత్తి, మంట పక్కన పెట్టమని, మూకుడు నిప్పులా ఎర్రబడకముందే తీయమని తండ్రికి చెప్పి కాలేజీకి పోయింది.

ఆదివారం రుక్మాబాయి వాకిట్లో వెడల్పాటి రేకు తొట్లలో నీలినీళ్లు పోసి, పొడి కలిపి, ఎండకు పెట్టారు. రాజమల్లు గట్టు మీద కూర్చుని రోజంతా చూశాడు. పొద్దు వాలింది. పొడి అడుక్కు దిగింది. పైన నీళ్లు మాత్రం నీలంగానే ఉన్నాయి.

"ఎండల పెడితే రంగు పోతదంటివి. నా నెత్తి మాడింది గని నీళ్లకేం గాలే" అన్నాడు రాజమల్లు లేచి తువ్వాలు దులుపుకుంటూ. సాగర్ నీళ్లు ఈ వారంలోనే వదులుతారట అని కూడా గుర్తుచేసి పోయాడు.

గంగమణి అడుగునున్న పొడిని వేళ్ల మధ్య నలిపి చూసింది. మెత్తగా ఉండాల్సింది రవ్వలా గరగరలాడింది. తండ్రి వైపు తిరిగి, ఎంతసేపు పెట్టావని అడిగింది.

ఆశన్న దాచలేదు. "నీ పని పచ్చిగ దిగుతే మాటొస్తదని నడిమంటకు జరిపిన బిడ్డా. ఇంకో రెండు మోపుల చెరకు పిప్పి ఏసిన."

ఆయన తప్పు అనడానికీ లేదు. లేతపాకంలో దించిన బెల్లం వానాకాలం రాగానే చెమర్చి కారుతుంది, అంగట్లో వండినవాడి పేరు పోతుంది. ఏ బెల్లం పెనాన్నీ పచ్చిగా దించని చేయి అది. ఈ పొడికి మాత్రం ఆ నియమం చెల్లదు. ఒకే ఆక్సైడు, లోపలి పరమాణువులను రెండు రకాలుగా పేర్చుకుంటుంది. తక్కువ మంటలో ఒక వరుస, మంట ముదిరితే బిగుసుకున్న ఇంకో వరుస. ఎండ తగిలినప్పుడు లోపలి ఎలక్ట్రాను కింది అరుగు మీది నుంచి పై అరుగు మీదికి ఎగురుతుంది. ఎగిరినదీ, అది ఖాళీ చేసిన చోటూ పొడి అంచు దాకా వస్తేనే రంగు విరుగుతుంది. ముదిరిన పొడిలో ఎగిరినవి చాలావరకు దారిలోనే మళ్లీ కింద పడతాయి. పైగా రవ్వ కట్టాక నీళ్లకు తగిలే అంచూ తక్కువే. ఇదంతా గంగమణి తండ్రికి విడమరచి చెప్పింది.

ఆశన్న దాన్ని తన లెక్కలోకి తెచ్చుకున్నాడు. "అంటే కూలికని ఎల్లినోడు మడి కాడికి పోకముందే మర్లొచ్చి పండుకున్నట్టా?"

"గట్లనే బాపు."

రెండోసారి, మిగిలిన పచ్చిపిండిని కాల్చేటప్పుడు, ఆమె సెలవు పెట్టి బట్టీ దగ్గరే కూర్చుంది. ఆశన్న చేయి మాటిమాటికీ పిప్పి మోపు మీదికే పోతోంది. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"పచ్చిగున్నది బిడ్డా."

"ఉండనియ్యి బాపు."

మర్నాడు కొత్త పొడితో తొట్లు మళ్లీ ఎండకెక్కాయి. ఈసారి రానన్న రాజమల్లు మధ్యాహ్నానికి బర్రె తప్పిపోయిందని వెతుక్కుంటూ ఆ వాకిట్లోకే వచ్చాడు. బర్రె అతని దొడ్లోనే కట్టేసి ఉందని రుక్మాబాయికి తెలుసు, అనలేదు. అప్పటికే నీలం పలచబడింది. సాయంత్రానికి పైనీళ్లలోంచి తొట్టి అడుగున తెల్లపొడి కనిపించింది.

రాజమల్లు కళ్లను నమ్మలేదు. తెల్ల తువ్వాలు కొస ముంచి, పిండి, ఎండకు ఎత్తి చూశాడు. రుక్మాబాయి ఆ తువ్వాలునే చూస్తోంది. గుడ్డ తెల్లగానే ఉంది.

అప్పుడు గంగమణి నోరు విప్పింది. "రాజమల్లన్నా, రంగు పోయింది. ఉప్పులు గిట్ల ఇంకేమున్నయో నేను పరీక్ష చెయ్యాలె. మడంతా పారియ్యకు, ఒక్క సాలుకే పారియ్యి."

"గిప్పుడే నమ్మిస్తివి, గిప్పుడే భయపెడ్తివి" అన్నాడు రాజమల్లు. కానీ దాచకుండా చెప్పిన ఆ మాటతోనే అతని మొహం మెత్తబడింది. రుక్మాబాయి వైపు తిరిగి, తొట్లలో తేటపడనిదే చుక్క వదలొద్దన్నాడు. ముసురు పట్టిన రోజు రంగు పని బంద్ చేయాలన్నాడు.

"ముసురుల నూలు ఎట్లాగు ఆరది" అంది రుక్మాబాయి.

సాగర్ నీళ్లు వచ్చిన పొద్దున రాజమల్లు పార పట్టుకుని కాలువ దగ్గరికి పోయాడు. కట్ట పోయలేదు. మడి అంచున ఉన్న ఒక్క సాలుకు, ఒక చెరకు వరుసకే, గండి తీసి, చెరకు మొదట్లోకి నీళ్లు ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు.