ఒక చెవి ఏటికి, ఒక చెవి గట్టుకి

పెద్ద వరద వెళ్లిన మూడో ఏడు అది. ఆ ఏడు మబ్బులు ముందే కమ్ముకున్నాయి.

ఏటిగట్టు కాపలాదారుని అందరూ చెవులాయన అనేవారు. గట్టులో కన్నం పడి నీరు ఇవతలికి ఊరుతుంటే, ఆ సన్నటి చప్పుడు ముందుగా ఆయన చెవినే పడేది. కంటికి కనపడేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకే పొద్దున్నే బయల్దేరి చీకటి పడేదాకా వంతెన నుంచి తూముకీ, తూము నుంచి వంతెనకీ నడిచేవాడు.

పోయిన వారం ఆయన పాత రేడియో జేబులోంచి జారి ఏట్లో పడింది. ఎగువన ఆనకట్ట తలుపులు ఎత్తే ముందు ఆ కబురు గంటగంటకీ రేడియోలో చెబుతారు. గట్టు మీద ఫోను పలకదు. ఆ పెద్ద వరద వచ్చిన రోజున రేడియోలో బ్యాటరీలు అయిపోయి ఆ కబురు ఆయనకి అందలేదు. గట్టు కిందున్న ఇంట్లోంచి భార్యని నడుం లోతు నీళ్లలో భుజాన మోసుకొచ్చాడు. అప్పటినుంచీ మబ్బు పడితే చాలు, ఆవిడ బట్టలు మూటగట్టి గుమ్మంలో పెట్టుకుంటుంది.

"ఈసారన్నా కబురు ముందొస్తుందా?" అని అడిగింది ఆవేళ.

"వస్తుంది" అన్నాడు. ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదు.

బావమరిదిని వెంటబెట్టుకుని రేడియోల కొట్టుకి వెళ్లాడు. చేతిలో ఉన్న డబ్బుకి అందే ధరలో రెండే ఉన్నాయి.

"ఇది తీసుకో పెద్దాయనా. వీధి చివరికి వినపడుతుంది" అంది కొట్టావిడ పెద్దది చూపించి.

"ఎంతసేపు పలుకుతుంది?"

"ఛార్జింగు పెడితే అయిదు గంటలు. అయిపోతే మళ్లీ పెట్టుకోవడమే."

"గట్టు మీద ఎక్కడ పెట్టుకోను, ఏట్లోనా?"

రెండోది అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. రెండు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే చాలు, ఇంకో రెండు జేబులో ఉంచుకోవచ్చు. చిన్న కిటికీలో అంకెలు వెలుగుతాయి. పాతదానిలా నడుస్తుంటే స్టేషను జారిపోదు. కాకపోతే స్పీకరు లేదు.

"ఇయర్‌ఫోన్ పెట్టుకోవాల్సిందే. ఆ తీగే దీనికి ఏరియల్" అంది కొట్టావిడ.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

"ఏంటి బావా! మా అక్కని చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు నువ్వు."

"అప్పుడు ఆలోచించలేదనే ఇప్పుడు ఆలోచిస్తున్నా" అని, రెండు చెవులకీ తీగ పెట్టుకుని గోడవైపు తిరిగాడు. "నీ సీసాలో నీళ్లు నా వెనకాల సన్నగా వదులు. వినపడితే చెయ్యెత్తుతా."

"నా కొట్లోనా?" అని కొట్టావిడ అరిచేలోపే బావమరిది సీసా వంచాడు.

చెవుల్లో వార్తలు వస్తున్నాయి. ఎంతసేపు చూసినా ఇంకేమీ వినపడలేదు. ఇంకా వదల్లేదేమో అనుకుంటూ కిందికి చూశాడు. నీళ్లు ఆయన చెప్పుల కిందికి వచ్చేసి ఉన్నాయి.

చెవుల్లోంచి తీగ లాగేశాడు.

"ఇప్పుడు నేల ఎవరు తుడుస్తారు?" అంది కొట్టావిడ. ఆయన గుడ్డ అందుకున్నాడు. తుడవడం అవగానే, "ఇంకోసారి" అన్నాడు.

"బాగుందయ్యా వరస!"

ఈసారి ఎడమ చెవికే పెట్టుకున్నాడు. కుడి పక్కన నీళ్లు వదలగానే చెయ్యి లేచింది. ఎడమ పక్కన వదిలితే లేవలేదు. అంటే గట్టు ఇవతలి వైపున్న చెవి ఖాళీగా ఉండాలి. తూముకి వెళ్లేటప్పుడు అది కుడిచెవి, వచ్చేటప్పుడు ఎడమచెవి. తిరిగినప్పుడల్లా తీగ మార్చుకోవాలి.

"మర్చిపోతే?" అన్నాడు బావమరిది.

అయినా చిన్నదే కొన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే ముల్లులా పొడుస్తూ ఉంది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని భార్యకి అంతా చెప్పాడు. నెల రోజుల మాటలు ఆ ఒక్కపూటలో అయిపోయాయి.

ఆవిడ మూట విప్పింది. పాత ఎర్రచీర తీసి, రెండు పీలికలు చింపి చేతికిచ్చింది.

"ఒకటి వంతెన దగ్గర కట్టు, ఒకటి తూము దగ్గర కట్టు. ఎరుపు కనపడగానే చెవి మార్చు. నీ మతిమరుపు నాకు తెలీదా?"

మర్నాడు పొద్దున్నే ఒక పీలిక వంతెన కమ్మీకి కట్టి, ఎడమ చెవికి తీగ పెట్టుకుని నడిచాడు. కుడివైపు కప్పల అరుపులు తప్ప ఏమీ లేవు. తూము దగ్గర రెండో పీలిక కట్టాడు. తీగ కుడిచెవికి మార్చుకుంటుండగా కబురు వచ్చింది. ఆనకట్ట తలుపులు సాయంత్రం ఎత్తుతారట. ఇంకోసారి చెప్పేదాకా అక్కడే నిలబడి విన్నాడు.

గట్టు దిగి కింద వీధిలో ప్రతి తలుపూ తట్టాడు. అన్నిటికంటే చివర తన ఇంటి తలుపు తట్టాడు.

"మూట కట్టు. తొందరేం లేదు, సాయంత్రం దాకా టైముంది" అని చెప్పి, మళ్లీ గట్టెక్కాడు.