నడవాలో గోడ

శౌరయ్య మా ఇంటికి రంగు వేయడానికి వచ్చిన రోజు పగలంతా నేను ఇంట్లో లేను. వన్ టౌన్‌లో మా బట్టల కొట్టుకి కొత్త సరుకు వచ్చిందంటే, మావారితో పాటు వెళ్ళాను.

పెద్ద పనేం కాదు. భవానీపురంలో మా ఫ్లాట్‌కి పైనున్న వాళ్ళ బాత్‌రూం పైపు కారి, మా గోడలు రెండు చోట్ల చెమ్మ పట్టి పెచ్చులూడాయి. ఒకటి హాల్లో టీవీ పక్కన. రెండోది పడకగదులకు వెళ్ళే నడవాలో. వాళ్ళు పైపు బాగుచేయించారు, గోడలు ఆరాయి. ఆ రెండు చోట్లా లప్పం పెట్టి తెల్లరంగు వేస్తే చాలు. ఆదివారం మావారి షష్టిపూర్తి. బంధువులంతా వస్తారు. ఆలోపు గోడ ఒక్కలా కనిపించాలని నా తాపత్రయం.

సాయంత్రం వచ్చేసరికి బాల్కనీలో బకెట్ ఉంది. దాని మీద నేను చెప్పిన కంపెనీ పేరు లేదు. హాల్లోకి వచ్చి చూస్తే, టీవీ పక్కన గోడకి తెల్ల రుమాలు అతికించినట్టు ఉంది. అప్పుడే ఎదురింటి శివపార్వతి కరివేపాకు కోసం వచ్చి, ఆమె కూడా అక్కడే నిలబడిపోయింది.

"ఇదేంటి శౌరయ్యా, నేను రాసిచ్చిన కంపెనీ కాదే?"

"అది తెచ్చినా కలవదమ్మా. ఐదేళ్ళ గోడ, కాస్త పసుపు తిరిగింది. ఆ కంపెనీ తెలుపేమో నీలం కొడతది. అందుకని ఇది తెచ్చి, చుక్క పసుపు, చుక్క నలుపు కలిపా."

"తెలుపులో నలుపేంటయ్యా?"

"ఎయ్యాలమ్మా. లేపోతే కొత్త తెలుపు పాత గోడ మీద కళ్ళకి కొడతది."

శివపార్వతి నా చెవి దగ్గరికి వంగింది. చెవిలో చెప్పే మాటలు ఆమె ఎప్పుడూ గట్టిగానే చెబుతుంది.

"బకెట్‌లో టోకెన్లుంటాయి వదినా. అవి కొట్లో ఇస్తే పెయింటర్లకి డబ్బులిస్తారు. ఎవడు ఎక్కువిస్తే వాడి బకెట్టే మన నెత్తిన రుద్దుతారు."

నేను శౌరయ్య వైపు తిరిగాను. "అదా సంగతి! టోకెన్ కోసం కంపెనీ మార్చావన్నమాట."

ఆయన ముఖం ఎలా మారిందో నేను సరిగా చూడలేదు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బిళ్ళ లాంటి టోకెన్ ఒకటి తీసి, టీవీ బల్ల మీద పెట్టాడు. "ఇదిగోండమ్మా. ఇది మీరే ఉంచుకోండి. తడి మీద ఇట్టాగే ఉంటది, ఆరితే ముదురుతది. నడవాలోది పొద్దున్నే వేశా. ఆరిపోయింది. ఒకసారి వచ్చి చూడండి."

హాల్లో నుంచి నడవాకి పది అడుగులుంటుంది. నేను వెళ్ళలేదు. శివపార్వతి చూస్తోంది. అనేసిన మాట వెనక్కి తీసుకోవడానికి నడిచినట్టు అవుతుందనిపించింది. "ఇంకేం చూడక్కర్లేదు, నీ కూలి తీసుకుని వెళ్ళు" అన్నాను. ఆయన బ్రష్షులు కడుక్కుని వెళ్ళిపోయాడు. అరవై దాటిన మనిషి. మెట్లు దిగుతూ ఏమీ గొణగలేదు. తప్పు చేశాడు కాబట్టే గొణగలేదని శివపార్వతి అంది. నేను తల ఊపాను.

ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశాను: 'పెయింటర్ శౌరయ్యతో జాగ్రత్త. టోకెన్ల కోసం మనం చెప్పిన రంగు కాక వేరే కంపెనీది వేస్తున్నాడు. పిలవకండి.' ఇరవై మంది దాకా బొటనవేళ్ళు పెట్టారు.

నేను ఫోన్ చేస్తే, మర్నాడు పొద్దున్నే ఒక కాంట్రాక్టరు తన మనిషిని పంపాడు. నేను వంటింట్లో ఉన్నాను. అతను హాల్లో నుంచి కేకేశాడు. "మేడమ్, ఎక్కడ వెయ్యమంటారు?"

"కళ్ళు కనపడవా బాబూ? టీవీ పక్కనే!" అని పోపు వేస్తూనే అరిచాను.

అతను నేను కోరిన కంపెనీ, నేను కోరిన నంబరే తెచ్చి వేశాడు. ఆరాక చూస్తే గోడకి కట్టు కట్టినట్టుంది. ఇంకో చేయి వేయించాను. మరింత మెరిసింది. ఆదివారం దాని ముందు పెద్ద పూలకుండీ పెట్టాం. మావారి మేనత్త మాత్రం వదల్లేదు. "ఈ కుండీ వెనక ఏం దాచావే?" అని అందరి ముందూ అడిగింది.

సోమవారం రంగుల కొట్టుకి వెళ్ళి గొడవపెట్టుకున్నాను. కొట్టాయన నా మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. షేడ్ కార్డులు నాలుగు తీసి, బల్ల మీద పక్కపక్కన పరిచాడు. అన్నిటి మీదా తెలుపనే ఉంది. ఒకటి మజ్జిగ, ఒకటి సున్నం, ఒకటి నీలిమందు పెట్టిన పంచె. నాలుగోదానికి పోలిక దొరకలేదు నాకు.

"కంపెనీకో తెలుపమ్మా. అదే కంపెనీ అదే నంబరు మిషన్‌లో కలిపిచ్చినా మీ పాత గోడకి అతకదు. గోడకి వయసొచ్చింది కదా. గోడ ముందు కూర్చుని చేత్తో కలిపేవాడు కావాలి. అట్టాంటి చెయ్యి ఈ ఊళ్ళో నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో ఉన్నారు."

వాళ్ళ పేర్లు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నడవాలోకి వెళ్ళాను. చెమ్మ పట్టిన చోటు ఎక్కడో కనిపించలేదు. లైటు వేశాను. ఫోను టార్చి గోడకి ఆనించి పక్కనుంచి చూశాను. అరచేత్తో తడిమాను.

"గోడలో నిధి ఉందా ఏంటోయ్?" అన్నారు మావారు, కాఫీ గ్లాసుతో వచ్చి.

"ఇక్కడ పెచ్చులూడింది కదండీ, ఎక్కడ?"

ఆయనా వెతికారు. పైవాళ్ళకి చూపించడానికి తీసిన ఫోటో ఫోన్లో ఉంటే, దాంతో పోల్చి చూశాం. స్విచ్ బోర్డుకి జానెడు పైన. ఆ చోట వేలు పెట్టినా నా కంటికి ఏ తేడా తెలియలేదు.

కాంట్రాక్టరు మనిషి ఎక్కడ వెయ్యమంటారని ఎందుకడిగాడో అప్పుడు తెలిసింది. ఆ పొద్దుటికి హాల్లో శౌరయ్య వేసింది కూడా ఆరి, ఇలాగే గోడలో కలిసిపోయి ఉంటుంది. గరిట కింద పెట్టి వచ్చి చూసుంటే సరిపోయేది.

ఇది తెలిశాక వెంటనే ఏమైనా చేశానా అంటే లేదు. మూడు వారాలు ఊరుకున్నాను. గ్రూపులో రాయాలంటే శివపార్వతి ఏమనుకుంటుందో, ఇరవై బొటనవేళ్ళు ఏమనుకుంటాయో అని. రాయకుండానే శౌరయ్యని పిలిచి హాలంతా ఆయన చేత వేయిస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను. కలవలేదు. చివరికి అడ్రసు కనుక్కుని గుణదల వెళ్ళాను.

కొండ కింద సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య తెరేసమ్మ కుర్చీ వేసింది గాని కూర్చోమనలేదు.

"శౌరయ్య గారు లేరా?"

"గారా? ఇదెప్పట్నించమ్మా?" అని నవ్వింది. "పామర్రులో ఉన్నాడు. గోడౌన్లకి సున్నం కొడతన్నాడు. ముప్పై ఏళ్ళు ఇళ్ళల్లో రంగులేసినోడు."

"ఇక్కడ పని లేదా?"

"మీ అపార్టుమెంట్లోనే మూడిళ్ళు ఒప్పుకున్నాడమ్మా. రెండు నెలల పని. వరసపెట్టి ముగ్గురూ వద్దన్నారు. ఎందుకండీ అంటే ఒకాయన చెప్పాడంట, ఫోన్లో ఏదో పెట్టారని. ఈయన ఇంటికొచ్చి నన్నడిగాడు, 'నేనేమన్నా దొంగతనం చేశానా తెరేసా' అని. నేనేం చెప్పను?"

"తప్పు నాదేనమ్మా. ఆ రోజు తొందరపడ్డాను."

"నాకు చెప్తే ఏం లాభం? ఎక్కడ పెట్టారో అక్కడ పెట్టండి." ఇంకో నంబరు చెప్పి, పామర్రులో ఇదే పలుకుతుందంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే రాశాను. 'శౌరయ్య గురించి నేను రాసింది తప్పు. ఆయన మోసం చేయలేదు. నడవాలో ఆయన వేసిన చోటు ఎక్కడో కనిపెట్టలేనంత బాగా వేశారు. నేను చూడకుండా మాట అన్నాను. దయచేసి మీ పనులకి ఆయన్నే పిలవండి.' పంపేశాక గుండె కాస్త తేలికైంది.

ఇల్లు చేరేసరికి నలభై మంది చూశారు. ఒకావిడ దండం బొమ్మ పెట్టింది. ఎవరో రేపు వాటర్ ట్యాంకర్ ఎన్నింటికొస్తుందని అడిగారు. ట్యాంకర్ గురించి పన్నెండు మెసేజ్‌లు వచ్చాక, శివపార్వతి రాసింది: 'ఎవరు వదినా? ఆ టోకెన్ల పెయింటరేనా? మేం వేరేవాళ్ళతో వేయించేశాంగా. మిగతా రెండిళ్ళు కూడా అయిపోయాయి.' కింద ఒక నవ్వు బొమ్మ.

కాసేపటికి తెరేసమ్మ ఇచ్చిన నంబరుకి చేశాను. ఈసారి ఎత్తాడు. వెనక నిచ్చెన జరుపుతున్న చప్పుడు.

"శౌరయ్యా, భవానీపురం నుంచి... గ్రూపులో రాశాను. నీ తప్పేం లేదని, నాదే తప్పని."

నిచ్చెన చప్పుడు ఆగింది.

"అట్టాగా అమ్మా. అందరూ చూశారా?"

"చూశారు."

"అయితే పిలుస్తార్లెండి." గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోయాడు. "ఇక్కడ ఇంకో నాలుగు రోజుల పనుందమ్మా. ఎవరన్నా అడిగితే ఆదివారం నించి ఖాళీనే అని చెప్పండి. అప్పటికి పాత నంబరు కూడా పనిచేస్తదని చెప్పండి."

చెబుతానన్నాను.