గుమ్మం దగ్గరి మొదటి గంప

తెలుగులో ప్రోగ్రాములు రాసుకునే చిన్న భాష ఒకటి నేనే తయారు చేశాను. హుకుంపేట దగ్గర మా ఊళ్లో అదే పెద్ద కబురు. మా అమ్మ సోములమ్మ అయితే సంతలో ఎదురుపడ్డ ప్రతివాళ్లకీ చెప్పింది.

జాబితాలతో పనిచేసే ఆజ్ఞలు రాస్తుంటే ఒక ప్రశ్న వచ్చింది. పేర్లను అక్షరక్రమంలో పెట్టమంటే పాత జాబితానే మార్చెయ్యాలా, దాన్ని అలాగే ఉంచి కొత్తది ఇవ్వాలా? మార్చెయ్యడమే సుళువు, పాతది ఎవడిక్కావాలి అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మా కాఫీ సంఘం షెడ్డులో కాఫీ పండ్ల తొక్క తీసే మిషను ఒక్కటే. ముందొచ్చినవాళ్ల గంప గుమ్మం దగ్గర ముందుంటుంది. ఒకరి గంపను ఇంకొకరు జరపరు. ఈ ఏడు ఆ వంతులను నేను నా భాషలోనే కంప్యూటరుకెక్కించాను. మల్లేశు తెర మీద పేరు చూసి పిలుస్తాడు, మిషను తిప్పుతాడు. ఆ రోజు ఇంకా మిషను మొదలుకాకముందే సంఘం పెద్ద భీమన్న హాజరు కాగితం అడిగాడు. ఆ వంతుల జాబితాలోని పేర్లనే నా ఆజ్ఞతో అక్షరక్రమంలో పెట్టి, అచ్చుతీసి ఇచ్చి, పాడేరు జీపెక్కాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కరెంటు పోయి మిషను ఆగిపోయింది. గుమ్మం దగ్గర అమ్మ ఒక్కతే, ముందు నిండు గంప. తెల్లవారకముందే కొండ దిగిన మనిషి. మా తోటలో ఈ ఏటి తొలి కోత అది. ఆ రోజే తొక్క తీయకపోతే పండ్లు పులిసిపోతాయి, సంఘం ముట్టుకోదు.

కంప్యూటరు తెరిచాను. చిట్టి, ఫల్గుణ, మంగ్లు... అట్టడుగున సోములమ్మ. ఎవరు ముందొచ్చారో ఎక్కడా లేదు. నా ఆజ్ఞే తుడిచేసింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

అయినా నోరు ఊరుకోదు కదా. గుమ్మంలో ఉన్న గంప కనబడలేదా అని మల్లేశు మీద విరుచుకుపడ్డాను.

"అందరికీ కనబడింది. మీ యమ్మే మాటాడొద్దంది," అన్నాడు.

అమ్మ వైపు తిరిగాను.

"అంతమంది ముందర నువ్వు రాసింది తప్పని తేలితే నీ పరువేటైపోద్ది, గుంటా?" అంది.

ఆ గంప నేనే నెత్తికెత్తుకుని ఇంటికి తెచ్చాను.

మర్నాడే ఆ ఆజ్ఞను తిరగరాశాను. ఇప్పుడది పాత జాబితా జోలికి పోదు. ఆ పండ్ల పులిసిన వాసన మాత్రం వారం రోజులు మా వాకిట్లోనే ఉంది. అమ్మ ఒక్కసారి కూడా ముక్కు మూసుకోలేదు.