ఆలస్యంగా మోగిన గంట

జక్రయ్య ముప్పై ఎనిమిదేళ్లు ఊరి చర్చి గంట కొట్టాడు. పోయి నెలయింది. శనివారం ఐదింటికి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. తండ్రి జీవిత చరిత్ర చదవాల్సింది కూతురు క్రిస్టీనా. రాసింది మాత్రం సంఘ కార్యదర్శి శ్యామ్ సుందర్ గారు.

గుంటూరు బ్రాడీపేటలో అచ్చేయించిన ఆ చరిత్ర కరపత్రాన్ని క్రిస్టీనా చర్చి వరండాలో నిలబడి చదివింది. ‘ఒక్క నిమిషం ఆలస్యం ఎరుగని సమయపాలకుడు’ అని ఉంది. పక్కనే ఉన్న కార్యదర్శి గారి వైపు తిరిగింది.

“గంట లేటుగా కొట్టాడని మా నాన్నకు మీరే మూడు మెమోలు ఇచ్చారు కదండీ?”

“పోయినవాళ్ల మీద మెమోలు ఉండవమ్మా. ఇదే మాట రాతిపలక మీద చెక్కిస్తున్నాం కూడా.”

“రేపు నా కూతురు ఆరాధన ఆ రాయి చూసి, తాతంటే గడియారం అనుకుంటుందండి.”

“మంచిదేగా. క్రమశిక్షణ వస్తుంది.”

శనివారం ప్రార్థన గంట ఐదింటికి కొట్టాలి. మిరప కోతల రోజుల్లో ఆడవాళ్ల ఆటో చేల నుంచి వచ్చేసరికి ఐదున్నర దాటుతుంది. ఆ చేతులతో కళ్లు తుడుచుకుంటే ఇక ప్రార్థన ఉండదు, ఏడుపే. అందుకని జక్రయ్య వీధి చివరిదాకా వెళ్లి, “అందరూ కడుక్కున్నారా?” అని అడిగొచ్చి, అప్పుడు తాడు పట్టుకునేవాడు. కార్యదర్శి అడిగితే ఒక వారం కాలు పట్టేసిందనేవాడు. ఒక వారం గడియారం ఆగిందనేవాడు. ఒక ఏప్రిల్ నెలలో వానకి తాడు తడిసిందన్నాడు. ఆడవాళ్ల మాట ఎత్తితే కార్యదర్శి వాళ్ల మీదికి వెళతాడని భయం.

“మీ నాన్న అబద్ధాలాడినంత తేలిగ్గా ప్రార్థన చెయ్యలేకపోయేవాడే,” అంది తల్లి ఎలీసమ్మ, ఇంట్లో ఆ కరపత్రం చూసి.

సమయపాలకుడి గౌరవార్థం కూడిక సరిగ్గా ఐదింటికి మొదలైంది. కార్యదర్శి గారే గంట కొట్టారు. గుంటూరు నుంచి రావాల్సిన అతిథి ఐదూ ఇరవైకి వచ్చి, సమయం విలువ గురించి పది నిమిషాలు మాట్లాడారు. ఆడవాళ్ల వైపు చాపల మీద ఎలీసమ్మ, ఆరాధన తప్ప ఎవరూ లేరు.

క్రిస్టీనాని పిలిచారు. ఆమె మైకు ముందుకెళ్లి చాపల వైపు చూసింది.

“కోతకెళ్లినవాళ్లు వచ్చాక చదువుతానండి.”

“కార్యక్రమం టైము ప్రకారం జరగాలమ్మా! మీ నాన్నగారంటే గౌరవం లేదా?”

“ఉంది కాబట్టే ఆగుతున్నాను.”

ఆమె వేదిక మెట్టు మీద కూర్చుంది. చనిపోయినాయన కూతుర్ని లేవమనడం ఎవరి వల్లా కాలేదు. అతిథి ఫోన్ చూసుకున్నారు.

పావుగంటకి బయట ఆటో ఆగింది. ముందుగా రాహేలమ్మ గుమ్మంలోకి వచ్చింది. చీర కొంగుకి ఎర్రటి పొడి ఉంది.

“మేం ఇంకా చేలో ఉండగానే గంట మోగింది. ఎవరయ్యా ఆ తొందరపడ్డది?”

అందరూ శ్యామ్ సుందర్ గారి వైపే చూశారు.

“చేతులు కడుక్కుని రండి పిన్నీ, ఆగుతాం,” అంది క్రిస్టీనా.

వాళ్లొచ్చి కూర్చున్నాక ఆమె కరపత్రం మడిచి పక్కన పెట్టింది.

“కోతల కాలంలో మా నాన్న ఏ శనివారమూ గంట టైముకి కొట్టలేదు.”

చాపల మీద నవ్వులు లేచాయి. ఎలీసమ్మ కూడా నవ్వింది.

“ఒకసారి కొట్టాడమ్మా,” అంది రాహేలమ్మ వెనక నుంచి. “ఆ రోజు మాకు పని లేదు.”

శ్యామ్ సుందర్ గారు లేచి, రాయి చెక్కేవాడికి ఫోన్ చెయ్యడానికి బయటికి నడిచారు.