పురిటింట్లోకి సెలవు

పాపమ్మ పురిటి బట్టలు పిండుతుండగా వాకిట్లో మొగుడు చిన్నయ్య గొంతు వినిపించింది. "రండి మెస్యే, రండి! మీ ఇల్లే అనుకోండి."

ఎవరొచ్చినా ఆయనది అదే మాట. చెరకు తోట కూలీల సర్దారు వచ్చినా, భజనకు పదిమంది వచ్చినా ఇల్లు వాళ్లదే. వాళ్లు వెళ్లాక ఊడ్చుకోవడం, అంట్లు తోముకోవడం మాత్రం పాపమ్మది. విసుక్కుంటూ, చేతులు చెంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. వచ్చినవాడు ఆరోగ్య ఇన్‌స్పెక్టరు మార్సెల్; ఫ్రెంచి మాట్లాడే దొరలందరూ ఇక్కడ 'మెస్యే'లే. వాళ్ల ఊరు బాన్ అక్యూయ్‌లో మశూచి సోకిందని పుకారు పుట్టి వారమైంది. అతని చూపు గది తలుపుకు కట్టిన వేపమండల మీద ఉంది.

"అమ్మవారు పోస్తేనే కదా మీవాళ్లు ఈ ఆకులు కట్టేది?" అన్నాడు.

"పురుడొచ్చినా కడతాం మెస్యే. మా రుక్మిణి కని నాలుగు రోజులైంది. పదకొండో రోజు దాకా మగవాళ్లు లోపలికి పోకూడదు."

"కూతురికి జ్వరం ఉందా?"

పాపమ్మ తలుపుకు అడ్డంగా జరిగింది. ఉంది. తెల్లవారుజాము నుంచీ రుక్మిణి ఒళ్లు కాలుతోంది. పాలు గడ్డకట్టిన జ్వరమేనని మంత్రసాని అంది. ఆ మాట ఇతను నమ్ముతాడా? కూలికని ఈ దీవిలో ఓడ దిగిన రోజున ఇలాంటి టోపీవాడే అమ్మ నుదురు తాకి, "రెండు రోజుల్లో పంపిస్తాం" అని రోగుల బండి ఎక్కించాడు. అప్పుడు పాపమ్మకు ఏడేళ్లు. అమ్మ రాలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పిన మనిషి కూడా లేడు. రుక్మిణిని అలా ఎక్కించడం ఆమె వల్ల కాదు.

"ఆడోళ్ల మాటలకేటి మెస్యే, మీరెళ్లి సూసుకోండి. నాను సెప్తన్నాను గదా!" అన్నాడు చిన్నయ్య.

మార్సెల్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "మేజిస్ట్రేటు ఉత్తర్వు నా దగ్గర లేదు. అది లేకుండా లోపలికి పోవాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి."

చిన్నయ్య బొటనవేలు చాచాడు.

"ఆగండి," అంది పాపమ్మ.

ఈ జాగా కొన్నప్పుడు తన అన్న వాటా అడుగుతాడని చిన్నయ్య దస్తావేజు పెళ్లాం పేర రాయించాడు. "రాసినంత మాత్రాన నీదైపోద్దేటి?" అని ఆ రోజే నవ్వాడు. ఆ తరువాత కూరలో ఉప్పు ఎక్కువైన ప్రతిసారీ ఇంకో మాట. "సర్కారు పుస్తకంలో ఎక్కని పెళ్లే మనది. పొమ్మంటే పోవాలి నువ్వు." ముప్పై ఏళ్లుగా ఆ మాట మింగుతూ వచ్చింది.

బియ్యం పెట్టె అడుగు నుంచి దస్తావేజు తెచ్చి ఇచ్చింది. ఫ్రెంచి చదవడం రాదు, అందులో తన పేరు ఎక్కడుందో మాత్రం తెలుసు. అక్కడ వేలు పెట్టింది.

మార్సెల్ చదివి తలెత్తాడు. "మరి ఈయన?"

"మా పెళ్లి పుస్తకంలో లేదు మెస్యే. సర్కారు లెక్కన ఈయన నాకేమీ కాడు. మిమ్మల్ని రమ్మనే హక్కు ఈయనకి లేదు."

"ఏటే, మతి పోయిందేటి?" అని అరిచాడు చిన్నయ్య. మార్సెల్ అటు తిరగలేదు. టోపీ తీశాడు.

"అయితే మదామ్, నేను లోపలికి రావచ్చా?"

ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ఒక మగవాడు ఆమెను అలా అడగడం అదే మొదలు.

"మీరొద్దు. డాక్టరును తీసుకురండి. నా ఎదురుగా, ఈ గదిలోనే చూడాలి."

"బండిలో పంపమని ఆయన అంటే?"

"నా కూతురితో నేనూ ఎక్కుతాను. అది కూడా రాయండి."

మార్సెల్ రాశాడు, చదివి వినిపించాడు. అప్పుడు ఆమె వేలిముద్ర వేసింది.

చిన్నయ్య విసురుగా వీధిలోకి పోయి, ఆకలి వేళకు తిరిగొచ్చాడు. గడప దగ్గర నిలబడి, టోపీ తీసినట్టు చెయ్యి ఊపాడు. "ఏటే మదామ్, లోనికి రావచ్చా?"

వెటకారంగానే అడిగాడు. పాపమ్మ మాత్రం గంజి వారుస్తున్న చెయ్యి ఆపి, నిజంగానే ఆలోచించింది.