ఆఖరి నర్సు

వేములవాడలో మా పద్మశాలీల వాడకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చినా లక్ష్మీకాంతరావు దొర నోటి గుండానే రావాలి. ఆ నోటి నిండా ఎప్పుడూ పాన్ ఉంటుంది కనుక, వచ్చిన ఇంగ్లీషు కాస్త ఎర్రబడి, నలిగి, పిప్పయి వచ్చేది. దొర మా నేతగాళ్ల సంఘానికి అధ్యక్షుడు. నేత రాని నేత. మేము పోగులు అతుకుతుంటే ఆయన పోగు చేసేవాడు. రెండూ పోగులే గనుక ఎవరూ తప్పు పట్టలేదు.

చైనా యుద్ధం ఆగిన మరుసటి ఎండాకాలం రామచంద్రం కూతురు అనసూర్య హెచ్చెస్సీ పాసైంది. వాడ ఆడపిల్లల్లో అదే మొదటి పాసు. రామచంద్రానికి అప్పటికి రెండేళ్లుగా కంట్లో నలుసు పడ్డట్టు మసక. రాజన్న గుడి తీర్థం కళ్లకద్దుకున్నాడు, ఆకు పసరు పోయించుకున్నాడు. నలుసు కదల్లేదు. మగ్గం మీద పోగు తెగితే వేళ్లతో తడుముకునేవాడు, చీకట్లో పోయిన చెప్పు కోసం తడుముకున్నట్టు. తెగినవన్నీ అనసూర్యే అతికేది. మధ్యాహ్నం తిన్నాక మగ్గమూ తనే నేసేది. ఆమె తర్వాత ఇద్దరు చిన్న చెల్లెళ్లు. తల్లి సత్తమ్మ రాట్నం ముందు కూర్చుని, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది. ఆమెను ఏ విషయమూ ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆమెకు పని ఉండేది కదా!

కంట్లో నలుసున్నవాడికి ఇంట్లో నర్సుండాలని వాడలో ఒక మాటకారి అన్నాడు. మాటకారికేం, నేసేది మాటలే కనుక పోగు తెగే భయం లేదు. అనసూర్య మాత్రం ఆ మాట పట్టుకుని నర్సు చదువుకు రెండు దరఖాస్తులు పెట్టింది. రెండు చోట్ల నుంచీ ఒకే వారంలో పిలుపొచ్చింది. ఒకటి వరంగల్లులో మూడున్నరేళ్లు. రెండోది కరీంనగర్‌లో రెండేళ్లు, అవ్వగానే పల్లెల్లో నౌకరీ. ఏదో ఒకదానికి ఒప్పుకుని, తండ్రి సంతకంతో సోమవారం టపాలో వేయాలి.

కాగితాలు ఆమే చదివి చెప్పింది. కానీ బిడ్డ చదివింది దొర కూడా చదివితేనే రామచంద్రానికి అది చదువు. రెండూ పట్టుకుని గడీ అరుగు దగ్గరికి పోయాడు. దొర మొదటిది చూసి "జనరల్ నర్సు" అన్నాడు. రెండోది ఆగ్జిలరీ నర్సు. సరిగ్గా ఆ మాట దగ్గరే నోట్లో రసం నిండింది. ఒలకకుండా గడ్డం పైకెత్తాడు. మాటలో నడుము గొంతులోకి జారిపోయి, తలా తోకా మాత్రం బయటపడ్డాయి. "ఆఖ్‌రి నర్సు."

ఆఖరంటే ఏందని రామచంద్రం అడిగాడు. కొత్తగా సున్నం వేయించిన అరుగు మీద ఉమ్మలేక, జర ఆగమన్నట్టు దొర వేలు పైకెత్తాడు. రామచంద్రం ఆ వేలి వెంబడి పైకి చూశాడు. పైన ఆకాశం ఉంది. ఇక అడగాల్సిందేమీ లేదనుకుని ఇంటికొచ్చాడు.

పొద్దుగూకేసరికి వాడంతా పండితులే. పక్కింటి కమలవ్వ ఆఖరి నర్సంటే ఏమిటో విడమరిచింది: డాక్టర్లంతా చేతులెత్తేశాక వచ్చేది, తులసి నీళ్లు పోసేది, కాళ్లు సరిచేసేది. అసొంటి పిల్ల ఎదురొస్తే ఎవరైనా బయటికి పోతారా అని కూడా అడిగింది. ఇక జనరల్ సంగతి హనుమండ్లు చూసుకున్నాడు. ఈయన పోలీసు చర్య నాడు చింతచెట్టెక్కి మిలటరీ లారీలను కళ్లారా చూసినవాడు. అప్పట్నుంచి వాడలో యుద్ధ వ్యవహారాలన్నీ ఆయనవే.

"జనరలంటే ఫౌజుకు పెద్దోడు బావా," అన్నాడు. "పిల్లను గా చీనా మీదికి తోల్తరు. మంచుల."

అంటే ఒక చదువు చదివితే తూటా తగులుతుంది, ఇంకోటి చదివితే తూటా తగిలినవాళ్లను సాగనంపాలి. రామచంద్రానికి ఆ రాత్రి జొన్న గటక సహించలేదు.

అనసూర్య మొదట నవ్వింది. ఒక్క అక్షరం పోయినందుకు ఊరందరి ఆయువూ పోయేట్టుందే అనుకుంది. తర్వాత నవ్వు ఆగింది. బాపు మనసులో రెండు ముడులు పడ్డాయి. ఆఖరి ముడి విప్పితే కరీంనగర్, జనరల్ ముడి విప్పితే వరంగల్లు. ఏది విప్పాలో తనకే తెలియలేదు.

తెల్లారి దవాఖానలో గంగుబాయి దగ్గరికి పోయింది. మరాఠీ సరిహద్దున ఉన్న బోథ్ నుంచి బదిలీ మీద వచ్చిన చిన్న నర్సు ఆమె. మాటల్లో పావువంతు మరాఠీ. దూది చుడుతూనే విన్నది.

"నా నవరా, నా మొగడు, సచ్చిపోయిననాడు నాకు ఇద్దరు పోరలు," అన్నది గంగుబాయి. "జల్ది నౌకరి వస్తదని రెండేండ్లదే చదివిన. పోరలు ఆకలికి ఏడ్వలే. గది అబద్ధం గాదు. కాని కడుపుల బిడ్డ అడ్డం తిరిగితే నేను చెయ్యి పెట్టద్దు. కరీంనగర్ తీస్కపోండ్రని చీటి రాస్త. పదేండ్ల సంది చీటీలే రాస్తున్న బాయీ. కొందరు బస్సులనే..."

దూది ఉండ పూర్తయింది. మాట పూర్తి కాలేదు.

ఆదివారం పొద్దున మగ్గం చప్పుడు ఆగింది. మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న రామచంద్రం వేళ్లతో వెతుకుతున్నాడు. పోగు ఆయన బొటనవేలి పక్కనే ఉంది. అనసూర్య వంగి అతికింది. అతికేటప్పుడే ఏది విప్పాలో తేలిపోయింది.

"బాపూ, గది ఆఖరి గాదు. ఆగ్జిలరీ. తోడు నర్సన్నట్టు. కరీంనగర్లనే ఉంట, అయితారం అయితారం వస్త."

"తోడా?" రామచంద్రం ముఖం విప్పారింది. "మంచిగనే ఉన్నది గదా. గా ఫౌజుల పడుడు తప్పింది. కాయిదం తే, సంతకం పెడుత."

ఫౌజు గురించి అనసూర్య ఏమీ అనలేదు. కాగితం తెచ్చింది. అప్పుడు రాట్నం ఆగింది.

"మీ బాపు మనసుల రెండు ముడులుంటె ఒక్కటే ఇప్పినవు బిడ్డ," అన్నది సత్తమ్మ. "గా రెండోది ఎందుకు ఉంచినవు?"

అనసూర్య జనరలంటే ఫౌజు గాదని చెప్పింది. అది అన్నీ నేర్పే చదువని, బిడ్డ అడ్డం తిరిగినా పక్కన నిలబడి ఏం చేయాలో తెలిసే చదువని చెప్పింది. "కాని మూడున్నరేండ్లు అవ్వా. మగ్గం మీద ఎవలు కూసుంటరు?"

సత్తమ్మ లేచింది. చీరకంటిన నూలు దులుపుకుంది.

"జర లే," అన్నది మొగుడితో.

రామచంద్రం ఎందుకో తెలియకుండానే లేచాడు. ఆమె గుంతలోకి దిగి కూర్చుంది. మా వాడలో ఆడవాళ్లు చుట్టాలి, మగవాళ్లు నెయ్యాలి. పెళ్లికాని చిన్నపిల్ల కనుక అనసూర్య నేస్తే చూసీచూడనట్టు పోయారు. సంసారి ఆడది గుంతలో దిగడం ఎవరూ చూడలేదు.

"ఇరువై ఏండ్ల సంది నీ పక్కకే కూసున్న. నాడె ఎటు పోతదో నాకెర్క లేదా?" అన్నది. "నువ్వు రాట్నం కాడికి పో. కండె చుట్ట కండ్లక్కర లేదు."

రామచంద్రం తడుముకుంటూ పోయి రాట్నం ముందు కూర్చున్నాడు. సంతకం వరంగల్లు కాగితం మీద పెట్టాడు, కొంచెం వంకరగా.

సత్తమ్మ నేసిన మొదటి చీర అంతకన్నా వంకర. సంఘానికి ఇస్తే, దొర దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, అంచు పాము పోయినట్టుందని తిరగ్గొట్టాడు. నెయ్యని నేత ముందు నేత నిలవలేదు. ఆ వారమంతా ఇంట్లో గటకే, అదీ పలుచగా. చీర మాత్రం సత్తమ్మ తానే కట్టుకుంది. ఆ పాము అంచుతోనే బిడ్డను బస్సెక్కించడానికి వచ్చింది.

హనుమండ్లూ వచ్చాడు. జనరల్ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు; చెప్తే ఆయన దగ్గర మిగిలేది చింతచెట్టొక్కటే. బస్సు కదలగానే మడమలు చేర్చి నిటారుగా సెల్యూట్ కొట్టాడు. అనసూర్య కిటికీలోంచి నమస్తే పెట్టింది.

దుమ్ములో నిలబడి రామచంద్రం అడిగాడు, పోయిందా అని. పోయిందన్నది సత్తమ్మ.

"అయితె నడువు," అన్నాడు. "కండె సగంల ఇడిసొచ్చిన."