మెట్టురాయి

అర్విల్ లెడ్‌ఫర్డ్ మోకాళ్ల మీద వంగి, రేడియేషన్ కొలిచే మీటరు గొట్టాన్ని నేలకి తగలనీయకుండా, మరీ దూరం కానీయకుండా మెల్లగా జరుపుతున్నాడు. టెన్నెసీ కొండల మధ్య బాంబుల కోసం యురేనియం శుద్ధిచేసిన కార్ఖానా అది. ఇప్పుడు కూలగొట్టి, చెడిన మట్టి తవ్వి తీసి, జాగాని వేరే పరిశ్రమలకిస్తున్నారు. ఏ నేల ముక్క మంచిదో, ఏది కాదో చెప్పడం అర్విల్ పని. జుట్టు ఇక్కడే నెరిసింది.

కార్ఖానాకి ముందు ఇక్కడో ఊరుండేది. యుద్ధకాలంలో సర్కారు దాన్ని ఖాళీ చేయించినప్పుడు అర్విల్ తల్లి ఒడెస్సా చిన్నపిల్ల. వాళ్లింటి గుర్తుగా కంచె పక్కన నల్లపలక మెట్టురాయి ఒక్కటే మిగిలింది. చచ్చేలోగా ఒక్కసారి దానిమీద కూర్చోవాలని ఆమె ఆశ. రాయి చల్లదనం పడదని పాత గౌన్ల ముక్కలతో మెత్త కూడా కుట్టుకుంది.

పోయిన వారం మేస్త్రీ గ్రేడీ ఆమెని తీసుకురమ్మన్నాడు. అర్విలే ఒప్పుకోలేదు. ఆ రాయి దగ్గర మీటరు కాస్త ఎక్కువ పలికింది, రాతి ముక్క పరీక్షకి పంపాల్సిందే అన్నాడు. అప్పుడే పితికిన పాలైనా వాసన చూడందే తాగని మనిషి. ఆ సాయంత్రం తల్లి టోపీ పెట్టుకుని వరండాలో ఎదురుచూస్తోంది.

"ఇవాళ కాదమ్మా, వచ్చే వారం."

"ఈ వయసులో విషం నన్నేం చేస్తుందిరా, పెళ్లి చెడగొడుతుందా?" అంది. అని, టోపీ తీసేసింది.

ఇవాళ అర్విల్ మొక్కజొన్న రొట్టె డబ్బా తెరుస్తుండగా గ్రేడీ కేకేశాడు.

"ఒరే అనుమానపు పక్షీ! ఫలితమొచ్చింది. ఈ కొండల్లో నల్లరాయి పుట్టుకతోనే అంత పలుకుతుందట. కార్ఖానా మరక ఏమీ లేదు. పో, అమ్మని తీసుకురా!"

రొట్టె ముట్టకుండానే బండెక్కాడు.

ఒడెస్సా వరండా కుర్చీలో ఉంది. ఒళ్లో మెత్త, పక్కన సగం తాగిన మజ్జిగ గ్లాసు.

"మన రాయి మంచిదేనమ్మా! లే, పోదాం."

ఆమె లేవలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. జాగ్రత్త, జాగ్రత్త అంటూ బతికిన ఆ మనిషి తల్లి కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనే ఆపాను కదమ్మా" అంటూ ఏడ్చాడు.

అమ్మని పూడ్చిన మర్నాడే పనిలోకొచ్చాడు. ఆ రాయి మీది ఆకులు చేత్తో ఊడ్చి, మెత్త పెట్టాడు. తను మాత్రం కూర్చోలేదు. మీటరు తీసుకుని పక్క ముక్కకి వెళ్లిపోయాడు. పొద్దుగూకే దాకా ఆ మెత్త, ఎవరి బరువూ ఎరగక, కుట్టిననాటి ఉబ్బుతో అలాగే ఉంది.